లోయలో లేవని ఆకాశహర్మ్యం

ఎల్.టి.సి. సౌకర్యంతో సిమ్లా యాత్ర చేసి వచ్చిన కుటుంబాలు మన సంస్థలో అనేకం. అట్టి వారి ఇండ్లలో గోడ మీద ఒక ఛాయాచిత్రం తప్పక కనిపిస్తుంది. ఉన్ని టోపీలు ధరించిన పిల్లలు, వారి వెనుక దేవదారు వృక్షాలు, ఆ వెనుక మంచుకొండల వరుస. ఆ చిత్రం తీయడానికి మనం పడిన అవస్థ మాత్రం ఎవరికీ చెప్పం. ఏడెనిమిది అంతస్తుల కాంక్రీటు కట్టడాలేవీ కెమెరా కంటికి చిక్కకుండా పిల్లలను అటు జరిపి, ఇటు జరిపి, చివరకు ఒక మూల నిలబెట్టి తీసిన చిత్రం అది.

కొండను చూడడానికి వెళ్ళిన మనకు కొండమీది భవనం కంటగింపుగా ఉంటుంది. అక్కడే పుట్టి పెరిగిన వారికి ఆ భవనమే ఇల్లు, అంగడి, బ్రతుకుతెరువు. నాలుగు రోజుల అతిథికి ఉన్న అభ్యంతరం గొప్పదా, నలభై ఏళ్ళ నివాసికి ఉన్న అవసరం గొప్పదా? ఆ నివాసి పేరు చెప్పి మరెవరో మూలధనంతో వచ్చి కట్టదలచితే అప్పుడేమనాలి? ఈ ప్రశ్నలన్నింటినీ ఒక్కసారిగా ఎదుర్కొన్న చిన్న గ్రామం ఒకటి స్విట్జర్లాండులో ఉంది. దాని పేరు వాల్స్. ఆ ఊరి చరిత్రలో ప్రభుత్వరంగ ఉద్యోగులమైన మనం ప్రత్యేకించి ఆలోచించదగిన అంశాలు ఉన్నందున, దానిని ఇక్కడ కొంత వివరంగా పరిశీలిద్దాం.

రాతి కప్పుల ఊరు

ఆల్ప్స్ పర్వతాలలో, గ్రౌబుండెన్ అనే రాష్ట్రంలో, సముద్రమట్టానికి సుమారు 1,250 మీటర్ల ఎత్తున ఒక ఇరుకైన లోయ చివర వాల్స్ ఉంది. జనాభా సుమారు వేయి మంది. పరిసర గ్రామాలలో రోమాన్ష్ భాష వ్యవహారంలో ఉండగా, వీరు మాత్రం జర్మన్ మాండలికం మాట్లాడతారు. మధ్యయుగంలో కొండ దారులు దాటి వలస వచ్చిన వాల్సర్ జాతి ప్రజల సంతతి వీరు.

ఆ ఊరి ఇండ్ల కప్పులకు పెంకులు ఉండవు, రేకులు ఉండవు. సమీపంలోని గనిలో తవ్విన క్వార్ట్‌జైట్ రాతి పలకలే కప్పులు. మన కడప, కర్నూలు ప్రాంతాల్లో నాపరాయిని ఎంత సహజంగా వాడతారో, అక్కడ ఈ రాయిని అంత సహజంగా వాడతారు. కప్పుకు ఈ రాతినే వాడాలని ఊరి నిబంధన కూడా. మెట్టమీద నిలబడి చూస్తే ఊరంతా కొండలోనుంచి విడివడిన పలకల గుట్టలా కనబడుతుంది.

ఆ కొండ సౌమ్యమైనదేమీ కాదు. 1951 జనవరిలో ఆల్ప్స్ అంతటా మంచుచరియలు విరిగిపడి అపార ప్రాణనష్టం కలిగినప్పుడు వాల్స్ గ్రామంలోనూ 19 మంది మరణించారు. కొండకూ తమకూ మధ్య హద్దు ఎక్కడ ఉన్నదో ఆ ఊరివారికి పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు.

151 మీటర్ల ఆనకట్టను ఒప్పుకున్న ఊరు

ఈ గ్రామస్తులు ఎత్తైన కట్టడం అంటేనే గిట్టని వారని అనుకుంటే పొరపాటు. ఊరికి ఎగువన, అదే లోయలో, 151 మీటర్ల ఎత్తుగల జెర్‌ఫ్రైలా ఆనకట్ట ఉంది. కమాను ఆకృతిలో కట్టిన ఈ కాంక్రీటు ఆనకట్ట 1957లో పూర్తయింది. దాని జలాశయం కింద జెర్‌ఫ్రైలా అనే పాత కుగ్రామం మునిగిపోయింది. శ్రీశైలం జలాశయం కింద మునిగిన ఊళ్ళ గురించి, అక్కడినుంచి రాయి రాయిగా విప్పి అలంపురానికి తరలించిన కూడలి సంగమేశ్వరాలయం గురించి తెలిసిన తెలుగువారికి ఆ లోయవాసుల వేదనను వేరుగా వర్ణించి చెప్పనక్కరలేదు.

అయినప్పటికీ ఆ ఆనకట్టను లోయ సహించింది. దాని వెనుక ఒక లెక్క ఉంది. కొండల్లో కురిసిన నీటితో పుట్టిన విద్యుత్తు దేశమంతటికీ వెలుగునిస్తుంది. ఆ నీటిని వాడుకొన్నందుకు జలవిద్యుత్ సంస్థలు ఏటా ప్రతిఫలం చెల్లించడం స్విట్జర్లాండులో చట్టబద్ధమైన ఏర్పాటు. పోగొట్టుకొన్నది ఏమిటో, పొందినది ఏమిటో ఊరివారు లెక్క చూసుకోగలరు. త్యాగం స్థానికమే అయినా ప్రయోజనం సార్వజనికం. వాల్స్ ఉదంతంలో మొదటి పాఠం ఇదేనని మా అభిప్రాయం. కొండలో కట్టే ప్రతి కట్టడం విషయంలోనూ ఎత్తును కొలవక ముందే అది ఎవరి కోసమన్నది తేలాలి.

ఊరు కట్టుకొన్న స్నానశాల

వాల్స్‌లో సుమారు 30 డిగ్రీల వెచ్చదనంతో ఉబికే సహజమైన ఊట ఉంది. దానిని ఆధారం చేసుకొని 1960లలో ఒక హోటల్ సముదాయం వెలసింది. అది దివాలా తీయగా, 1983లో గ్రామ పంచాయతీయే దానిని కొనుగోలు చేసింది. వేయి మంది ఉన్న ఊరు ఒక దివాలా హోటల్‌ను నెత్తికెత్తుకోవడం సాహసమే. ఖాయిలా పడిన పరిశ్రమలను ప్రభుత్వం స్వీకరించి నడిపిన రోజులు ఎరిగిన మన సీనియర్ సహోద్యోగులకు ఆ సాహసం విలువ తెలుసు.

కొత్త స్నానశాల రూపకల్పన బాధ్యతను పీటర్ జుమ్‌టోర్ అనే స్విస్ వాస్తుశిల్పికి అప్పగించారు. ఆయన కొండవాలులోకి చొచ్చుకుపోయేట్లు, పైన పచ్చిక మొలిచిన కప్పుతో, ఊరి గనిలోని రాతినే సుమారు 60,000 పలకలుగా కోయించి పేర్చి ఆ కట్టడాన్ని నిర్మించారు. ఎగువనుంచి చూసేవారికి అది పచ్చిక మైదానమే. లోపలికి వెళ్ళిన తరువాతగాని అది భవనమని తెలియదు. 1996లో అది ప్రారంభమైంది. రెండేళ్ళు తిరగకుండానే, 1998లో, రాష్ట్ర ప్రభుత్వం దానిని రక్షిత కట్టడంగా ప్రకటించింది. శతాబ్దాలు గడిచిన దేవాలయాలకూ కోటలకూ దక్కే గౌరవం రెండేళ్ళ వయసున్న స్నానశాలకు దక్కింది. ప్రపంచం నలుమూలలనుంచి వాస్తుశిల్పులు, విద్యార్థులు, యాత్రికులు ఆ ఊరికి రాసాగారు. జుమ్‌టోర్‌కు 2009లో వాస్తుశిల్ప రంగంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ బహుమతి లభించింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉంది. ఆ అద్భుతానికి యజమాని ఏ కోటీశ్వరుడూ కాదు. ఓటు హక్కుగల గ్రామస్తులు. లాభనష్టాలను పంచుకొంటూ, ఓపికపట్టి, తమ రాయితో, తమ నీటితో నిర్మించుకొన్న ఉమ్మడి ఆస్తి అది.

అమ్మకం, ఆ తరువాత

ఉమ్మడి ఆస్తిని నిలబెట్టుకోవడం దానిని నిర్మించడం కంటె కష్టం. హోటల్‌కు మరమ్మతులు కావాలి, కొత్త పెట్టుబడులు కావాలి. 2012లో గ్రామస్తులు సమావేశమై ఆ సముదాయాన్ని అమ్మాలని నిర్ణయించారు. కొనుగోలుకు ముందుకు వచ్చినవారిలో జుమ్‌టోర్ పాల్గొన్న బృందం ఒకటి కాగా, ఆ ఊరిలోనే పుట్టిన వ్యాపారవేత్త రేమో స్టోఫెల్ బృందం మరొకటి. ఊరు స్టోఫెల్ వైపు మొగ్గింది. ఆ నిర్ణయం తప్పో ఒప్పో దూరాన కూర్చొని తీర్పు చెప్పడం మాకు తగదు. ఉమ్మడి ఆస్తుల విక్రయం గురించిన తర్జనభర్జన మన దేశంలోనూ కొత్తది కాదు, అందులో రెండు పక్షాల వాదాలూ మనకు కంఠతా వచ్చినవే. అయితే యాజమాన్యం మారినప్పుడు ప్రశ్నలు అడిగే స్థానం కూడా మారుతుంది. అంతకుముందు ఏమి కట్టాలన్న ఆలోచనే ఊరి సభలో పుట్టేది. అమ్మకం తరువాత ఆలోచన మరొక చోట పుట్టి, అనుమతి కోసం మాత్రమే ఊరి వద్దకు వస్తుంది.

కొత్త హోటల్ కోసం 2014లో ప్రసిద్ధ వాస్తుశిల్పులను ఆహ్వానించి పోటీ నిర్వహించారు. 2015 మార్చిలో ఎంపికైన నమూనాను లోకానికి చూపారు. అమెరికాకు చెందిన మార్ఫోసిస్ సంస్థ, దాని అధిపతి, 2005లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన థామ్ మేన్ రూపొందించిన ఆకృతి అది. పోటీకి న్యాయనిర్ణేతలుగా ఉన్నవారే ఆ ఎంపికతో తమకు సంబంధం లేదని తప్పుకోవడంతో వివాదం మొదటి రోజే రాజుకుంది.

అద్దాల స్తంభం

ఆ నమూనా ప్రకారం భవనం ఎత్తు 381 మీటర్లు. న్యూయార్క్ నగరంలోని ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ పైకప్పు ఎత్తు ఎంతో, అంత. ఆ సంవత్సరం స్విట్జర్లాండులో అన్నింటికంటె ఎత్తైన భవనం బాజెల్ నగరంలో 178 మీటర్లు. దానికి రెండింతలకు పైబడిన ఎత్తు వేయి మంది ఉన్న పల్లెలో లేవాలి. అందులో గదులు 107 మాత్రమే. సన్నని స్తంభంలా నిటారుగా లేచే ఆ భవనం వెలుపలి గోడలన్నీ అద్దాలు.

దానిని సమర్థించినవారి వాదనలోనూ కొంత పస లేకపోలేదు. కొండ ప్రాంతాలకు అసలు చేటు చేసేది అడ్డంగా పాకే నిర్మాణమని వారు అన్నారు. వాలులన్నీ ఆక్రమించి, ఏడాదిలో పదకొండు నెలలు తాళాలు వేసి ఉంచే విశ్రాంతి గృహాలతో ఆల్ప్స్ గ్రామాలు నిండిపోతున్నాయన్న ఆందోళనతోనే, ఏ గ్రామంలోనైనా అటువంటి రెండవ ఇండ్లు 20 శాతం మించరాదని 2012లో స్విస్ ప్రజలు దేశవ్యాప్త ఓటింగులో తీర్మానించారు. సన్నగా, నిలువుగా కడితే నేల ఆదా అవుతుంది. అద్దాల గోడలలో కొండలు, ఆకాశం ప్రతిబింబించి భవనం ప్రకృతిలో కలిసిపోతుంది. యువతకు ఉద్యోగాలు వస్తాయి, ఊరికి రాబడి వస్తుంది.

సాంకేతిక వృత్తిలో ఉన్న మన పాఠకులు ఈ వాదనలను లెక్కలతో సరిచూడగలరు. ఎత్తును గదుల సంఖ్యతో భాగిస్తే సగటున ప్రతి మూడున్నర మీటర్లకు ఒక గది వస్తుంది. 107 గదులు మన టౌన్‌షిప్‌లోని నాలుగంతస్తుల అతిథిగృహం వంటి కట్టడంలో ఇముడుతాయి. అంటే ఆ ఎత్తు స్థలాభావం వల్ల ఏర్పడినది కాదు. నేల మీద ఉన్నవారికి దూరంగా, అందరికంటె పైన ఉండడమే అక్కడ విక్రయించదలచిన సరుకు.

నీడ సంగతి చూద్దాం. వాల్స్ ఉన్న అక్షాంశంలో డిసెంబరు మూడవ వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి సుమారు 20 డిగ్రీల ఎత్తునే ఉంటాడు. ఆ కోణంలో 381 మీటర్ల స్తంభం నీడ, చదునైన నేల మీదనైతే, ఒక కిలోమీటరుకు పైగా పరుచుకొంటుంది. చలికాలంలో ఎండ కొద్ది గంటలే పడే ఇరుకు లోయలో కిలోమీటరు నీడ చిన్న విషయం కాదు. తోటలో బట్టలు ఆరవేసే ఇల్లాలికి, బడి ఆవరణలో ఆడుకొనే బాలుడికి ఆ నీడతోనే పని, అద్దాలలోని ప్రతిబింబంతో కాదు.

ఇక నీరు. అడుగునుంచి శిఖరం వరకు ఒకే గొట్టంలో నీరు నిలిస్తే అడుగున ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 38 కిలోల ఒత్తిడి పడుతుంది. కనుక మధ్య మధ్య తొట్లు, పంపులు అమర్చుకొంటూ పోవాలి. అగ్నిప్రమాదం సంభవిస్తే ఏ అగ్నిమాపక శకటం నిచ్చెనా అన్ని అంతస్తులకు అందదు. మహానగరంలో ఇందుకు తగిన వ్యవస్థ అంతా చుట్టూ ఉంటుంది. లోయ చివరి పల్లెలో ఆ వ్యవస్థనంతటినీ ఒక్క భవనం కోసమే సమకూర్చాలి. ఇంజనీరింగు దృష్టిలో ఇవేవీ అసాధ్యాలు కావు. అయితే సాధ్యమైనదంతా సముచితం కాదన్నది ఇంజనీరుకు అనుభవం నేర్పే విషయం.

2019 నాటికి పూర్తి కావాలని ప్రకటించిన ఆ హర్మ్యం నేటికీ లేవలేదు. లోయ నిబంధనలను మార్చి అంత ఎత్తును అనుమతించాలంటే గ్రామస్తుల ఓటు కావాలి. ఆ ఒక్క నియమం వల్ల, కాగితం మీద ఉండగానే ఊరికి ఆలోచించుకొనే వ్యవధి చిక్కింది.

అడిగిన చోట, అడగని చోట

ఇటువంటి ఉదంతాలు మరి రెండు ఉన్నాయి. అదే గ్రౌబుండెన్ రాష్ట్రంలో దావోస్ పట్టణం పైన షాట్జాల్ప్ అనే మెట్ట ఉంది. 1900లో క్షయరోగుల కోసం కట్టిన ఆరోగ్యాలయం ఇప్పుడక్కడ హోటల్‌గా నడుస్తున్నది. ఆ పాత కట్టడాన్ని నిలబెట్టేందుకు కావలసిన ధనం సంపాదించే ఉద్దేశంతో, పక్కనే 105 మీటర్ల గోపురాన్ని ప్రతిపాదించారు. 2004లో దావోస్ ఓటర్లు దానికి ఆమోదం తెలిపారు. ఆ గోపురమూ కాగితం దాటి రాలేదు. ప్రజల సమ్మతి కట్టడానికి అనుమతి మాత్రమే, కట్టడం కాదు.

రెండవది అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో జరిగింది. 1980ల ప్రారంభంలో షుగర్ మౌంటెన్ ప్రాంతంలో ఒక కొండ శిఖరం మీద 'షుగర్ టాప్' అనే పదంతస్తుల నివాస భవనం వెలసింది. పదంతస్తులు నగరంలో ఎవరి దృష్టికీ ఆనవు. శిఖరాగ్రాన నిలిచేసరికి మైళ్ళ దూరంనుంచి, చుట్టుపక్కల లోయలన్నింటినుంచి అది కనబడసాగింది. ప్రజలలో పెల్లుబికిన అసంతృప్తి ఫలితంగా 1983లో పర్వత శిఖరాల పరిరక్షణ చట్టం వచ్చింది. 3,000 అడుగులు, అంతకు పైబడిన ఎత్తులో, పక్క లోయకు కనీసం 500 అడుగుల పైన ఉన్న కొండ గట్ల మీద 40 అడుగులు మించిన భవనాలను ఆ చట్టం కట్టడి చేసింది. అయితే చట్టం రాకముందే కట్టిన భవనాన్ని అది తాకలేదు. ఆ చట్టం ఎందుకు వచ్చిందో చెప్పే సాక్షిలా షుగర్ టాప్ నేటికీ శిఖరం మీద నిలిచే ఉంది.

మన హిమాలయాలలో

మన దేశానికి వద్దాం. మన కొండలలో 381 మీటర్ల స్తంభాన్ని ఎవరూ తలపెట్టలేదు. మన సమస్య ఒక్క ఆకాశహర్మ్యం కాదు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కిన వేలాది మధ్యస్థ భవనాలు.

1864లో బ్రిటిష్ ప్రభుత్వానికి వేసవి రాజధాని అయిన సిమ్లా సుమారు పాతికవేల మంది కోసం ఉద్దేశించిన పట్టణమని చెబుతారు. 2011 జనాభా లెక్కల నాటికి నగర జనాభా సుమారు 1 లక్షా 70 వేలు. వచ్చినవారందరికీ నీడ కావాలి. చదునైన నేల లేదు. కనుక వాలును తొలిచి, ముందు వైపు సన్నని స్తంభాలు దింపి, రోడ్డు మట్టానికి కింద నాలుగు, పైన నాలుగు అంతస్తులు లేపారు. ఆ ప్రాంతం భూకంపాల మండలం కావడం, వర్షాకాలంలో నీరు ఇంకి వాలులు వదులు కావడం వల్ల ప్రతి అంతస్తూ కొండకు భారమే. 2019 జులైలో సోలన్ సమీపాన కుమార్‌హట్టి వద్ద ఒక బహుళ అంతస్తుల భవనం కూలి 13 మంది సైనికులు, ఒక పౌరురాలు మరణించారు. 2023 ఆగస్టులో సిమ్లాలోని సమ్మర్ హిల్ వద్ద కొండచరియ విరిగి శివాలయం మీద పడి, శ్రావణ సోమవారం నాడు పూజకు వచ్చిన భక్తులు ప్రాణాలు కోల్పోయారు.

2017 నవంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ సిమ్లాలోని కీలక ప్రాంతాలలో కొత్త నిర్మాణాలను నిషేధించి, తక్కిన చోట్ల రెండు అంతస్తులు, పైన ఒక అటక మించరాదని ఆదేశించింది. నగర ప్రణాళిక రచించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే తప్ప ట్రిబ్యునల్ దానిని నిర్దేశించజాలదని 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను కొట్టివేసి, సిమ్లా అభివృద్ధి ప్రణాళిక అమలుకు మార్గం సుగమం చేసింది. కనుక బాధ్యత తిరిగి ప్రభుత్వం మీదకు, దానిని ఎన్నుకొనే పౌరుల మీదకు వచ్చింది.

కొండవాసులకు ఎత్తుగా కట్టడం తెలియదని కాదు. హిమాచల్‌లో 'కాఠ్-కుణీ' అనే ప్రాచీన నిర్మాణ పద్ధతి ఉంది. దేవదారు దూలాల వరుస ఒకటి, రాళ్ళ వరుస ఒకటి, సున్నం గాని సిమెంటు గాని లేకుండా పేర్చుకొంటూ పోతారు. భూమి కదిలినప్పుడు గోడ బిర్రబిగిసి విరిగిపోక, కొద్దిగా కదిలి సర్దుకొంటుంది. కుల్లు జిల్లా బంజార్ ప్రాంతంలోని చెహ్నీ కోఠీ ఈ పద్ధతిలో కట్టిన గోపురమే. 1905 కాంగ్రా భూకంపంలో పై అంతస్తులు కొన్ని పోగొట్టుకొన్నదని చెప్పే ఆ గోపురం నేటికీ కొండమీద నిటారుగా నిలిచి ఉంది. దాని ఎత్తు గురించి కొండకు ఫిర్యాదు ఉన్నట్లు కనబడదు.

మనం వేసుకోవలసిన ప్రశ్నలు

మేము కొండల్లో ఏమీ కట్టరాదని వాదించడం లేదు. అట్లా వాదించే అర్హత మనకు లేదు కూడా. ప్రభుత్వరంగ సంస్థలు కొండలను తొలిచాయి, నదులకు అడ్డుకట్టలు వేశాయి, శిఖరాల మీదుగా విద్యుత్ తీగలు సాగించాయి. మన జీతాలలో, మన పిల్లల చదువులలో ఆ కొండల వాటా ఉంది. అందువల్లనే, ఏదైనా కట్టడానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోవడం మన వృత్తిధర్మమని భావిస్తున్నాం. ఇది తీర్చే అవసరం ఎవరిది? దీని నీడ ఎవరి ఇంటిమీద పడుతుంది? ఆ ఇంటివారిని ముందుగా అడిగామా?

వాల్స్ ఊరు ఆనకట్ట విషయంలో ఊరు మునిగే బాధను భరించింది. స్నానశాల విషయంలో దివాలా భారాన్ని భరించింది. గోపురం విషయంలో మాత్రం భరించవలసింది తాము, అనుభవించవలసింది 107 గదుల అతిథులు అన్న సంగతి నమూనా చూసిన రోజే అందరికీ కనబడింది.

ఈసారి ఎల్.టి.సి. మీద కొండలకు వెళ్ళినప్పుడు ఛాయాచిత్రం తీయడానికి పిల్లలను అటూ ఇటూ జరపవద్దని మా మనవి. వెనుక ఉన్న ఎనిమిదంతస్తుల భవనాన్నీ చిత్రంలోకి రానిద్దాం. అందులో ఎవరు నివసిస్తున్నారు, అది ఏ ఆధారంతో నిలబడి ఉంది, దానిని ఎవరిని అడిగి కట్టారు అని పిల్లలు అడిగితే, తెలిసినంత చెబుదాం. తెలియనిది ఆ ఊరివారినే అడిగి తెలుసుకొందాం.